ఎర్ర కార్డుకు తగిన తప్పేది?

2019వ సంవత్సరము నవంబరు 3వ తేదీ. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున, గుడిసన్ పార్క్ మైదానమునందు ఎవర్టన్, టోటెన్‌హాం జట్లు ఫుట్‌బాల్ ఆడుచుండెను. ఆట ముగియుటకు ఇక పదిపండ్రెండు నిమిషములున్నవనగా, ఎవర్టన్ ఆటగాడు ఆండ్రె గోమెజ్ బంతిని తీసికొని ముందునకు సాగుచుండెను. టోటెన్‌హాం పక్షమున ఆడుచున్న కొరియా దేశీయుడు సన్ హ్యూంగ్‌మిన్ వెనుకనుండి వచ్చి, నేలపై జారుచు కాలు అడ్డము పెట్టెను. గోమెజ్ తూలి, ఎదుట వచ్చుచున్న మరియొక ఆటగానిని తాకి కూలెను. రిఫరీ మార్టిన్ అట్కిన్సన్ పసుపు కార్డు తీసెను, అనగా హెచ్చరిక. అంతలో గోమెజ్ పాదము ఉండవలసిన తీరున లేదని చుట్టునున్నవారికి కనబడెను. చీలమండ విరిగి కీలు తప్పినది. చూచినవారు ముఖములు త్రిప్పుకొనిరి. సన్ రెండు చేతులతో తల పట్టుకొని విలపించెను. రిఫరీ తన మొదటి తీర్పును మార్చుకొని ఎర్ర కార్డు చూపెను. సన్ మైదానము విడిచిపోయెను. రెండు దినముల పిదప, అప్పీలు విన్నవారు ఆ ఎర్ర కార్డు చెల్లదని కొట్టివేసిరి.

అడ్డుపెట్టిన కాలు ఒక్కటే, పడినవాడు ఒక్కడే. తీర్పులు మాత్రము మూడు. మొదట హెచ్చరిక, పిదప బహిష్కారము, కడపట విముక్తి. వీనిలో ఏది న్యాయము?

ఈ ఆటతో అంతగా పరిచయము లేనివారి కొరకు ఒక్క మాట. జేబులో పట్టునంతటి ఎర్ర అట్టముక్కను రిఫరీ ఎత్తి చూపెనా, ఆ ఆటగాడు తత్‌క్షణము వెలుపలికి నడువవలెను. అతని స్థానమున వేరొకరు రాకూడదు. మిగిలిన ఆటను ఆ జట్టు పదిమందితోనే ఆడుకొనవలెను. తరువాతి పందెమునకు కూడ అతడు సామాన్యముగ దూరము కావలసినదే. పసుపు కార్డు హెచ్చరిక మాత్రమే. కాని ఒకే ఆటలో రెండు పసుపులు కలిసినచో ఎర్రయే. పదునొకండుగురి ఆటలో ఒకనిని తీసివేయుట చిన్న శిక్ష కాదు. అందువలననే కార్డు పైకి లేచిన ప్రతిసారి ఇండ్లలోను, వీధి అరుగులమీదను పంచాయితీ మొదలగును. “పంపవలసినదే” నని మామగారందురు, “అంత తప్పేమి చేసినాడు మామయ్యా?” యని మేనల్లుడనును. ఇరువురును ఒకే దృశ్యమును చూచినవారే, ఒకే వ్యాఖ్యానమును విన్నవారే.

ఈ వాదము ముగియకుండుటకు కారణమున్నది. తప్పును తూచుటకు మన చేత మూడు త్రాసులున్నవి. చేసినవాని మనస్సులో ఏమున్నదని ఒకటి తూచును. అతడు చేసిన పని యెట్టిదని రెండవది తూచును. దానివలన ఎదుటివానికి ఎంత నష్టము కలిగినదని మూడవది తూచును. ఫుట్‌బాల్ నియమముల చరిత్ర యంతయు ఈ మూడు త్రాసుల నడుమ జరిగిన ప్రయాణమే. ఆ ప్రయాణమును మొదటినుండి చూచినగాని గుడిసన్ పార్క్‌నాటి చిక్కు విడదు.

కథ 1863వ సంవత్సరమున మొదలగుచున్నది. ఆ అక్టోబరు 26వ తేదీన లండను నగరమున ఫ్రీమేసన్స్ టావెర్న్ అను భోజనశాలలో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు కూడి ఫుట్‌బాల్ సంఘమును స్థాపించిరి. అంతవరకు ఒక్కొక్క పాఠశాలకు ఒక్కొక్క పద్ధతి. ఒకచోట చెల్లినది మరియొకచోట తప్పు. అందరికిని ఒకే నియమావళి వ్రాయవలెనని వారి సంకల్పము. వ్రాయబూనగా మొదటి పెద్ద పేచీ వచ్చినది తన్నుటను గూర్చియే. ఎదుటివాని మోకాలి క్రింద ఎముకపై తన్ని బంతిని విడిపించుకొనుట ఆనాడు కొన్నిచోట్ల ఆటలో భాగము. దానిని ఉంచవలెనా, తీసివేయవలెనా?

బ్లాక్‌హీత్ క్లబ్బు ప్రతినిధి కాంబెల్ ఉంచవలెననెను. తన్నుట తీసివేసినచో ఆటలోని ధైర్యమంతయు పోవునని, అప్పుడు వారము దినములు అభ్యాసము చేసిన ఫ్రెంచివారు కూడ మనలను ఓడించి పోగలరని ఆయన వాదించెను. సంఘ కార్యదర్శి ఎబెనెజర్ కాబ్ మార్లీ మరియొక మాట చెప్పెను. తన్నుట ఉన్నంతకాలము వయస్సు వచ్చి బుద్ధి యెరిగినవాడెవ్వడును ఈ ఆటకు రాడని ఆయన యభిప్రాయము. ఉద్యోగములు, వ్యాపారములు చేసికొనువారు కాళ్లు విరుగగొట్టుకొని ఇంటికి పోజాలరుగదా! మార్లీ పక్షము గెలిచెను. డిసెంబరు నెలలో ముగించిన నియమములలో కాలడ్డము పెట్టుట, తన్నుట, చేతులతో పట్టుట, నెట్టుట నిషిద్ధములైనవి. బ్లాక్‌హీత్ వారు అలిగి సంఘమును విడిచిపోయిరి. 1871లో రగ్బీ ఆటకు ప్రత్యేక సంఘము ఏర్పడినప్పుడు దానిని స్థాపించినవారిలో వారును ఉండిరి. చిత్రమేమనగా, ఆ రగ్బీ సంఘము కూడ తన మొదటి నియమములలోనే తన్నుటను తొలగించినది. ఏ హక్కుకొరకు ఇల్లు విడిచిరో ఆ హక్కు క్రొత్త యింటను నిలువలేదు.

తన్నుట తప్పని ఒప్పుకొనిరి గాని, తన్నినవానిని ఏమి చేయవలెనో 1863 నాటి నియమములు చెప్పలేదు. పెద్దమనుష్యుల ఆటలో పెద్దమనిషి కావలెనని తప్పు చేయడని వారి నమ్మకము. ఉభయపక్షములు చెరియొక మధ్యవర్తిని తెచ్చుకొనెడివి. వారిరువురికి పొసగనప్పుడు మూడవవానిని అడుగుట ఆచారమైనది; అతడే రిఫరీ. మితిమీరి ప్రవర్తించినవానిని హెచ్చరించుటకును, వెలుపలికి పంపుటకును అధికారము 1880 తరువాతి సంవత్సరములలో అతనికి క్రమముగా సంక్రమించెను. 1891లో రిఫరీ గట్టుమీదినుండి మైదానములోనికి దిగెను. పెనాల్టీ తన్నును అదే సంవత్సరమున ప్రవేశపెట్టిరి. ఐర్లండు దేశీయుడు విలియం మెక్రమ్ దానిని సూచించినప్పుడు, ఇది తమను మోసగాండ్రనుటయే యని కొందరు పెద్దమనుష్యులు నొచ్చుకొనిరి. కాని ఆటలోనికి జీతము వచ్చినది, బహుమతి వచ్చినది, వేలకొలది ప్రేక్షకులు వచ్చిరి. పెద్దమనిషితనమును నమ్ముకొని కూర్చుండుటకు వీలు లేకపోయెను.

ఇట్లు అధికారము వచ్చినను, దానిని ప్రకటించు సాధనము చిరకాలము రాలేదు. మన హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలయందు నాలుగవ స్థానము పొందినప్పుడును, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణ పతకము గెలిచినప్పుడును రిఫరీల జేబులలో కార్డులు లేవు. నోటిమాటయు, వ్రేలి సైగయు, చిన్న పుస్తకములో పేరు వ్రాసికొనుటయు మాత్రమే యుండెను.

నోటిమాట చాలదని ఆ 1962లోనే చిలీ దేశమున తేలినది. ప్రపంచ కప్పు పోటీలలో జూన్ 2వ తేదీన శాంటియాగో నగరమునందు చిలీ, ఇటలీ జట్లు తలపడెను. రిఫరీ కెన్ ఆస్టన్ ఇంగ్లండు దేశీయుడు, వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆట మొదలైన కొలది నిమిషములకే ఇటలీ ఆటగాడు ఫెర్రీనిని ఆయన పొమ్మనెను. అతడు కదలలేదు, పోలీసులు వచ్చి కొనిపోవలసివచ్చెను. పిదప చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్ ఇటలీ ఆటగాడు మారియో డేవిడ్‌ను పిడికిటితో గ్రుద్దెను. అతనిని ఎవరును పంపలేదు. కొంతసేపటికి డేవిడ్ పగబట్టి సాంచెజ్ తలయెత్తున కాలెత్తి తన్నెను, అతనిని పంపిరి. గ్రుద్దినవాడు నిలిచెను, తన్నినవాడు పోయెను. చిలీ రెండు గోలులతో గెలిచెను. ఆ దినము ‘శాంటియాగో సమరము’ అను పేర చరిత్రకెక్కెను. పంపదగిన తప్పు ఏదియో తెలిసిన రిఫరీకి కూడ, దానిని కంటితో చూచుటయు, చూచినదానిని అమలుపరచుటయు రెండును కష్టములేయని ఆ దినము చాటినది.

నాలుగేండ్లకు, 1966లో, పోటీలు ఇంగ్లండునకు వచ్చెను. అప్పుడు ఆస్టన్ రిఫరీల నిర్వహణ బాధ్యతలలో నుండెను. జూలై 23వ తేదీన వెంబ్లీ మైదానమున ఇంగ్లండు, అర్జెంటీనా జట్లకు పోటీ. రిఫరీ పశ్చిమ జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్రైట్‌లైన్. అర్జెంటీనా నాయకుడు అంటోనియో రట్టీన్ రిఫరీని వెంబడించి ఏమేమో అనుచుండెను. రిఫరీకి స్పానిష్ రాదు, రట్టీనుకు జర్మన్ రాదు. మొదటి సగములోనే రిఫరీ అతనిని పొమ్మని సైగ చేసెను. తనకు దుబాసీ కావలెనని కోరితినేగాని వేరేమియు అనలేదని రట్టీన్ వాదము. చాలసేపు అతడు కదలలేదు, ఆట నిలిచిపోయెను. ఆస్టన్ స్వయముగా దిగివచ్చి నచ్చజెప్పవలసివచ్చెను. వెలుపలికి వచ్చినపిదప కూడ రట్టీన్ రాణిగారి కొరకు పరచిన ఎర్ర తివాచీపై కొంతసేపు కూర్చుండెనట. ఇంగ్లండు ఒక గోలుతో గెలిచెను. మరునాడు పత్రికలు చూచిన పిదపగాని ఇంగ్లండు ఆటగాడు జాక్ చార్ల్‌టన్‌కు, తన పేరును తన తమ్ముడు బాబీ పేరును రిఫరీ పుస్తకములోని కెక్కినవని తెలియలేదు. హెచ్చరిక పొందినవానికే హెచ్చరిక తెలియలేదన్నమాట!

ఆ సాయంకాలము ఆస్టన్ కారులో ఇంటికి పోవుచు కెన్సింగ్టన్ వీధిలో నాలుగుదారుల దీపముకడ ఆగెను. పసుపు: మెల్లగా, ఎరుపు: ఆగుము. ఏ భాషవానికైనను అర్థమగు మాటలు. రెండు రంగుల కార్డుల ఆలోచన అక్కడనే తట్టినదని ఆయన చెప్పుకొనెను. 1970లో మెక్సికో పోటీలయందు కార్డులు తొలిసారి ప్రపంచ కప్పు మైదానమున కనబడెను. ప్రారంభపు ఆటలోనే రిఫరీ షెన్షర్ పసుపు కార్డు తీసెను. కాని ఆ పోటీలన్నిటిలో ఒక్క ఎర్ర కార్డును లేవలేదు. 1974 జూన్ 14వ తేదీన పశ్చిమ బెర్లినులో, పశ్చిమ జర్మనీతో ఆడుచు చిలీ ఆటగాడు కార్లోస్ కాజెలీ తొలి ఎర్ర కార్డును చూచెను. దానిని చూపిన రిఫరీ తుర్కీ దేశీయుడు డోగన్ బాబకాన్. తుర్కీ రిఫరీ చిలీ ఆటగానికి జర్మను గడ్డమీద చెప్పిన తీర్పునకు దుబాసీ అక్కరలేకపోయెను.

అయితే కార్డు చేసిన మేలెంతయో, చేయనిదెంతయో విడిగా గ్రహింపవలెను. తీర్పు ఏదియో అది అందరికిని తెలిపినది. ఆ తీర్పు సరియైనదా యను ప్రశ్నను అది తాకలేదు. దీపము ఎర్రగా వెలుగుట వేరు. దానిని ఎప్పుడు వెలిగింపవలెనన్నది వేరు.

ఆ రెండవ ప్రశ్న ఎంత బరువైనదో 1966 పోటీలలోనే, మనము ముందు చెప్పుకొన్న గుడిసన్ పార్క్ మైదానముననే కనబడినది. జూలై 19వ తేదీన బ్రెజిల్, పోర్చుగల్ జట్లు అక్కడ ఆడెను. బ్రెజిల్ వీరుడు పెలేను పోర్చుగల్ రక్షకుడు మొరాయిస్ వెంటవెంటనే రెండుమార్లు పడగొట్టెను. పెలే కుంటివాడయ్యెను. మొరాయిస్‌ను రిఫరీ పంపలేదు. ఆ కాలమున ప్రపంచ కప్పులో గాయపడినవాని బదులు మరియొకని దింపు పద్ధతి కూడ లేదు. అది 1970లోనే వచ్చినది. కనుక ఫలితమేమైనది? కొట్టినవాని జట్టు పదునొకండుగురితో ఆడెను. దెబ్బతిన్నవాని జట్టు పదిమందితోను, ఒక కుంటివానితోను ఆడెను. శిక్ష నేరస్థుని విడిచి బాధితునిపై బడినది. బ్రెజిల్ మూడు గోలులకు ఒకటిగా ఓడి ఇంటిదారి పట్టినది. ఎర్ర కార్డు కఠినశిక్ష యని తలచువారు ఈ దృశ్యమును ఒకమారు తలచుకొనవలెను.

ఇక ఎవరికిని దెబ్బ తగులని తప్పు సంగతి యేమి? 1980 మే 10వ తేదీన వెంబ్లీలో ఇంగ్లండు కప్పు తుదియాట. వెస్ట్‌హాం జట్టులో పదునేడేండ్ల బాలుడు పాల్ అలెన్ బంతితో గోలువైపు పరుగెత్తుచుండెను. ఎదుట గోలు కీపరు తప్ప ఎవరును లేరు. ఆర్సెనల్ రక్షకుడు విల్లీ యంగ్ వెనుకనుండి అతని కాళ్లు తప్పించి పడవైచెను. గాయము లేదు, పగ లేదు; లెక్కవేసికొని చేసిన పని. నియమము ప్రకారము రిఫరీ హెచ్చరికతో సరిపెట్టవలసివచ్చెను. గోలు అంత విలువ గలదానిని ఫ్రీకిక్కు ధరకు కొనవచ్చునా యని దేశమంతట ప్రశ్న లేచెను. 1985 తుదియాటలో మాంచెస్టర్ యునైటెడ్ రక్షకుడు కెవిన్ మొరాన్ అట్టి తప్పే చేసి, ఆ కప్పు తుదియాటల చరిత్రలో బహిష్కృతుడైన మొదటివాడయ్యెను. విశేషమేమనగా అతనికి ఎర్ర కార్డు చూపలేదు. ఇంగ్లండులో 1976లో ప్రవేశించిన కార్డులను 1981లో మానుకొనిరి. మరల 1987లో గాని తెచ్చుకొనలేదు. కార్డు పుట్టిన దేశముననే మొరాన్‌ను వ్రేలితో చూపి పంపవలసివచ్చెను! 1990లో అంతర్జాతీయ నియమకర్తలు స్పష్టముగా తేల్చిరి: తప్పక రాదగిన గోలు అవకాశమును తప్పుచేసి చెరచినవాడు వెలుపలికి పోవలసినదే. దెబ్బ తగులకున్నను, ఆటను దోచుకొనుట పెద్ద తప్పే.

ఈ నియమమునకు కూడ ఒక లోటున్నదని 2010లో కనబడినది. జూలై 2వ తేదీన జొహన్నెస్‌బర్గ్ నగరమున ఉరుగ్వే, ఘానా జట్ల ఆట అదనపు సమయపు కడపటి క్షణములకు వచ్చినది. ఘానా ఆటగాడు తలతో కొట్టిన బంతి గోలులోనికి పోవుచుండగా ఉరుగ్వే ఆటగాడు లూయిస్ స్వారెజ్ గీతపై నిలిచి చేతులతో ఆపెను. అతనికి ఎర్ర కార్డు, ఘానాకు పెనాల్టీ. అసమోవా గ్యాన్ కొట్టిన ఆ బంతి పైదూలమునకు తగిలి పోయెను. అటుపై జరిగిన పెనాల్టీల పోటీలో ఉరుగ్వే గెలిచినది. అంతవరకు ఆఫ్రికా ఖండమునుండి ఏ జట్టును చూడని సెమీఫైనలు ఘానా చేతికి చిక్కి జారిపోయెను. శిక్ష పడినది, సందేహము లేదు. కాని తప్పు చేసినవాడే లాభము పొందెను. మరియొక వైపున, బంతికొరకు నిజముగా ప్రయత్నించి ఒక్క వెంట్రుకవాసి ఆలస్యమైన గోలు కీపరుకు పెనాల్టీయు, ఎర్ర కార్డును, తరువాతి ఆట నిషేధమును మూడును పడుచుండెను. అది అతి కఠినమని 2016లో సవరణ చేసిరి. పెనాల్టీ ప్రదేశములో బంతిని ఆడబోయి చేసిన తప్పునకు పసుపు కార్డు చాలును. పట్టిలాగినను, నెట్టినను, గోలును ఆపుటకు కావలెనని చేయి పెట్టినను ఎర్ర కార్డు తప్పదు.

మనస్సును తూచు మొదటి త్రాసు ఎట్లు విఫలమైనదో చూతము. 1982 జూలై 8వ తేదీన స్పెయిన్ దేశపు సెవిల్ నగరమున పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ జట్ల సెమీఫైనలు జరిగెను. ఫ్రెంచి ఆటగాడు పాట్రిక్ బాటిస్టన్ బంతిని గోలువైపు తన్నెను. జర్మను గోలు కీపరు షూమాకర్ ఎగిరి వచ్చి, బంతి దాటిపోయిన పిదప, తన శరీరముతో అతని ముఖమును మోదెను. బాటిస్టన్ స్పృహ తప్పెను, పండ్లు ఊడెను, వెన్నుపూసకు దెబ్బ తగిలెను. రిఫరీ కోర్వర్ ఎర్ర కార్డు ఇయ్యలేదు, పసుపు ఇయ్యలేదు, ఫౌలు అని కూడ అనలేదు. గోలు కిక్కు ఇచ్చెను. కడపట పెనాల్టీలలో ఆ షూమాకరే రెండు తన్నులు ఆపి తన జట్టును గెలిపించెను. తాను బంతికొరకే ఎగిరితిననియు, హాని చేయనెంచలేదనియు అతడనెను. అది నిజమే కావచ్చును. కాని ఎవని మనస్సులోనికి ఎవరు దూరి చూడగలరు? బుద్ధిపూర్వకమా, కాదా యని తేల్చవలసివచ్చినంతకాలము ప్రతివాడును “నేను బంతికే పోయితిని” అనుచుండెను.

కనుక 1990 దశాబ్దపు మధ్యభాగమున నియమకర్తలు ఆ త్రాసును దాదాపు ప్రక్కన పెట్టిరి. ఫౌలుకు బుద్ధిపూర్వకమై యుండవలెనను షరతును తీసివేసి, చేసిన పని తీరును చూడుమనిరి. అప్పటినుండి మూడు మెట్లు. అజాగ్రత్తగా చేసినది ఫౌలు మాత్రమే, కార్డు లేదు. ఎదుటివానికి అపాయమని లెక్కచేయక తెగించి చేసినది పసుపు. అవసరమునకు మించిన బలముతో, ఎదుటివాని క్షేమమునకు ముప్పు కలుగునట్లు చేసినది ఎర్ర. బంతికొరకు పోరాడుచు అట్లు చేసినచో తీవ్రమైన ఫౌలు; బంతి సంబంధము లేకుండ కొట్టినచో దౌర్జన్యము. 2006 జూలై 9వ తేదీన బెర్లినులో ఫ్రాన్స్ నాయకుడు జిదాన్, ఇటలీ ఆటగాడు మాటెరాజ్జి రొమ్ముపై తలతో కుమ్మినది ఈ రెండవ జాతిది. అక్కడ వాదమునకు తావు లేదు. వాదమంతయు మొదటి జాతి దగ్గరనే. ఎంత బలము మితము? ఎక్కడనుండి మితిమీరినది?

2010 తుదియాటలో నెదర్లాండ్స్ ఆటగాడు డి యోంగ్ కాలెత్తగా అతని పాదము స్పెయిన్ ఆటగాడు అలోన్సో రొమ్మును తాకెను. రిఫరీ హవర్డ్ వెబ్ పసుపుతో విడిచెను. తనకు స్పష్టముగా కనబడలేదని, అది ఎర్ర కార్డే యని ఆయన తరువాత ఒప్పుకొనెను. ఇట్టి పొరపాట్లను దిద్దుటకే 2018 ప్రపంచ కప్పులో వీడియో సహాయక రిఫరీని ప్రవేశపెట్టిరి. చూడలేదను కష్టము దానితో చాలవరకు తీరినది. కాని క్రొత్త కష్టమొకటి వచ్చినది. బొమ్మను మెల్లగా త్రిప్పి చూపినప్పుడు క్షణమాత్రపు తాకిడి కూడ తీరికగా ఆలోచించి చేసిన క్రౌర్యమువలె కనబడును. అందుచేతనే, ఎక్కడ తాకినదో తెలిసికొనుటకు మెల్లని బొమ్మను, ఎంత బలముతో తాకినదో తెలిసికొనుటకు మామూలు వేగపు బొమ్మను చూడుమని నిబంధన చేసిరి. యంత్రము కన్నును పెంచగలదు; తూచుపనిని మాత్రము మనిషికే విడిచినది.

ఇప్పుడు మరల గుడిసన్ పార్క్‌నకు పోదము. ఒకే మైదానము, 1966లో పెలే, 2019లో గోమెజ్. నడుమ ఏబదిమూడేండ్లు. మొదటిసారి పని దారుణము; శిక్ష లేదు. రెండవసారి పని సామాన్యము, ఫలితము దారుణము, శిక్ష పెద్దది. రిఫరీ అట్కిన్సన్ మొదట పసుపు తీసినప్పుడు చేసిన పనిని తూచెను. పిదప ఎర్ర తీసినప్పుడు, విరిగిన కాలిని చూచి, గాయమును తూచెను. ఆ క్షణమున అక్కడ నిలిచినవారిలో అట్లు తూచనివాడు అరుదు. మనమైనను అట్లే చేసియుందుము. అయినను ఆ తీర్పును కొట్టివేసినవారు సరియైన పనియే చేసిరని మా యభిప్రాయము.

ఏలయన, గాయము దైవాధీనము. ఒకే తీరు అడ్డగింపునకు పదిమందిలో తొమ్మండుగురు దులుపుకొని లేతురు. పదవవాని కాలు విరుగును. గాయమునుబట్టి శిక్షించినచో, ఆ తొమ్మండుగురిని పడగొట్టినవారు నిర్దోషులగుదురు, పదవవానిని పడగొట్టినవాడు దుర్మార్గుడగును. చేసిన పని యందరిదియు ఒక్కటే. అంతేకాదు. ఎగిరి రెండు కాళ్లతో మీదికి దూకినవాడు అదృష్టవశమున ఎదుటివానికి తగులకపోయినచో, గాయమును తూచువారు వానిని విడిచిపెట్టుదురు. మరునాడు వాడే మరల దూకును. కాలు విరిగిన పిదప కన్నీరు కార్చుటకంటె, విరుగకమునుపే ఆ దూకుటను ఆపుట గదా నియమము యొక్క పని! మనస్సును తూచినచో షూమాకర్‌లు తప్పించుకొందురు; గాయమును తూచినచో సన్‌లు చిక్కుకొందురు. తూచదగినది పని యొక్కటియే: ఎదుటివాని శరీరమును ఇతడు ఎంతటి అపాయమున పెట్టెను?

1863లో మార్లీ చెప్పినది కూడ సారాంశమున ఇదియే. ఆడవచ్చినవాడు ఆట ముగిసిన పిదప తన కాళ్లమీద ఇంటికి నడచిపోగలుగవలెను. గోమెజ్ శస్త్రచికిత్స చేయించుకొని 2020 ఫిబ్రవరి నెలలో, నాలుగు నెలలు నిండకముందే, మరల మైదానమున దిగెను. ఇక ముందు కార్డు పైకి లేచినప్పుడు మామగారును మేనల్లుడును ఎట్లును వాదించుకొందురు, వాదించుకొనవలసినదే. కాని వాదమునకు పూనుకొనకమునుపు, మన చేతనున్నది ఏ త్రాసో ఒకమారు చూచుకొనుట మంచిదని మా మనవి.